మాటిచ్చిన స్థలానికి ఇప్పుడు ఎక్కువ ధర పలికింది. విశ్వాసిగా ఏం చేయాలి?

కరకంబాడి_రోడ్డు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ వందనాలు. మూడు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. నాకు నిద్ర పట్టడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

కరకంబాడి వైపు నాకు 45 అంకణాల స్థలం ఉంది, నాన్న ఇచ్చింది. (బయటి జిల్లాల వాళ్ల కోసం చెబుతున్నా, మా తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు లెక్క 72.) మూడు నెలల కిందట మా వీధి చివర మోటార్లు వైండింగ్ చేసే తమ్ముడు కొంటానని వచ్చాడు. అంకణం 60 వేలకు మాట్లాడుకున్నాం, మొత్తం 27 లక్షలు. రెండు నెలల్లో రిజిస్ట్రేషన్ చేయించుకుంటానన్నాడు. లక్ష రూపాయలు అడ్వాన్స్ కవర్లో పెట్టి తెచ్చాడు. నేనే తీసుకోలేదు. "అడ్వాన్స్ ఎందుకు తమ్ముడూ, నేను దేవుని బిడ్డని, మాట తప్పను" అన్నా. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు.

పోయిన గురువారం ఒక బ్రోకరు ఇంకొకరిని తీసుకొచ్చాడు. అంకణానికి 78 వేలు ఇస్తారట. అంటే 8 లక్షల 10 వేలు ఎక్కువ. పాప ఈ ఏడాదే ఇంజినీరింగ్‌లో చేరింది. మా అన్న అయితే, "రాత లేదు, అడ్వాన్స్ లేదు, చెప్పిన గడువూ దాటింది, ఇంకేం మాట?" అంటున్నాడు. నా భార్య ఏమీ అనడం లేదు. ఆమె మౌనమే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

ఇది మాట తప్పడం కిందికి వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

నిర్వాహకుడు | సోమవారం, రాత్రి 9:58

దయచేసి ఎవరి పేర్లు, సర్వే నంబర్లు ఇక్కడ రాయకండి. చర్చ కొనసాగించండి.

దస్తావేజు_లేఖరి | సోమవారం, రాత్రి 10:25

అన్నా, ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నా. ముందు చట్టం సంగతి చెప్పేస్తా.

స్థలం అమ్మకం రిజిస్టరు అయితేనే పూర్తయినట్టు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ అదే చెబుతుంది. అమ్ముతానని ఒప్పుకున్నంత మాత్రాన కొనేవాడికి స్థలం మీద హక్కు రాదు. అట్లాగని నోటిమాట ఒప్పందం చెల్లదని అనుకోవద్దు. 1872 కాంట్రాక్టు చట్టం కింద నోటి ఒప్పందం కూడా ఒప్పందమే. దాన్ని అమలు చేయించమని మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లొచ్చు. రుజువు చేయడం కష్టం, అంతే.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. ఆ తమ్ముడు కేసు వేశాడనుకో. బోనులో నిలబెట్టి నిన్ను ఒకటే అడుగుతారు: 27 లక్షలకు ఇస్తానన్నావా, లేదా? కేసు గెలవాలంటే నువ్వు "అనలేదు" అని చెప్పాలి. రాత లేదు కదా అని ధైర్యంగా మాట్లాడేవాళ్లను వందల మందిని చూశా. అబద్ధం చెప్పడానికి సిద్ధపడితే తప్ప ఆ రాత లేకపోవడం నీకు ఎందుకూ పనికిరాదు.

ఒక ప్రశ్న. రెండు నెలలు పూర్తయినప్పుడు మీ ఇద్దరి మధ్య ఏమైనా మాట జరిగిందా?

కరకంబాడి_రోడ్డు | సోమవారం, రాత్రి 10:52

జరిగింది. ముందే రాయాల్సింది.

ఆయనే ఫోన్ చేశాడు. పల్లెలో వాళ్ల మామ పొలం అమ్మిన డబ్బు రావడం ఆలస్యమైంది, ఇంకో నెలన్నర ఆగుతావా అన్నా అని అడిగాడు. "నెమ్మదిగా చూసుకో, స్థలం ఎక్కడికీ పోదు" అన్నా. అప్పటికి బ్రోకరు రాలేదు.

పలమనేరు_రైతు | మంగళవారం, ఉదయం 6:15

బ్రదర్, అందరూ మిమ్మల్ని తప్పు పట్టేలోపు నేనొక మాట చెబుతా. 1 తిమోతి 5:8 చదవండి. సొంతవాళ్లను, ముఖ్యంగా ఇంటివాళ్లను చూసుకోనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని రాసి ఉంది. ఎనిమిది లక్షలంటే బిడ్డ నాలుగేళ్ల చదువు. అది కూడా దేవుడిచ్చిన బాధ్యతే కదా?

బయట ఎవడు మాట మీద నిలబడుతున్నాడు? 2025 తోతాపురి మామిడి సీజన్‌లో నా తోటకు వ్యాపారి వచ్చాడు, చెట్లన్నీ తిరిగి చూశాడు, రేటు చెప్పి వెళ్లాడు. నేను వేరేవాళ్లకు లేదన్నా. ధర పడిపోగానే ఫోన్ ఎత్తడం మానేశాడు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, పైన 4 రూపాయలు మేమిస్తామని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చిన ఏడాది అది. కాయ చెట్టు మీదే మాగి రాలిపోతుంటే రోజూ పొద్దున తోటకు వెళ్లి చూసి వచ్చేవాణ్ణి. మనం మాత్రమే నష్టపోవాలని ఎక్కడ రాసుంది?

శ్రీకాళహస్తి_మాస్టారు | మంగళవారం, ఉదయం 7:40

ఎక్కడ రాసుందంటే, 15వ కీర్తనలో. యెహోవా గుడారంలో ఉండదగినవాడెవడు అని మొదలవుతుంది. నాలుగో వచనం చివర: "అతడు ప్రమాణము చేయగా నష్టము కలిగినను మాట తప్పడు." నష్టం అనే మాట అక్కడే ఉంది. లాభం వచ్చే మాట ఎవరైనా నిలబెట్టుకుంటారు, దానికి కీర్తన రాయాల్సిన పని లేదు.

పలమనేరు తమ్ముడూ, నీ బాధ నాకు అర్థమైంది. ఆ వ్యాపారి నీకు చేసింది అన్యాయమే. కానీ ఆ రోజుల్లో ఫోన్ చేతిలో పట్టుకుని తోటలో నిలబడ్డావే, ఇప్పుడు ఆ చోట వైండింగ్ తమ్ముడు నిలబడబోతున్నాడు. అది నీకంటే బాగా ఇక్కడ ఎవరికి తెలుసు?

కరకంబాడి తమ్ముడూ, నన్ను కలవరపెట్టింది వేరే మాట. నువ్వు "మాట తప్పను" అని ఊరుకోలేదు. "నేను దేవుని బిడ్డని" అన్నావు. లక్ష రూపాయల అడ్వాన్స్ ఉండాల్సిన చోట దేవుని పేరు పెట్టావు. ఆ తమ్ముడు కవరు వెనక్కి తీసుకెళ్లింది నిన్ను నమ్మి మాత్రమే కాదు, ఆ పేరు నమ్మి.

యెహోషువ 9వ అధ్యాయం ఒకసారి తీయండి. గిబియోనీయులు పాత గోనెలు, చినిగిన ద్రాక్షారసపు తిత్తులు, ఎండి బూజు పట్టిన రొట్టెలు తెచ్చి, దూరదేశం నుంచి వచ్చామని మోసం చేసి ఇశ్రాయేలీయులతో ఒప్పందం చేయించుకున్నారు. మూడు రోజులకు వాళ్లు పక్కవాళ్లేనని నిజం తెలిసింది. మోసంతో తీసుకున్న మాట కదా, కొట్టేయొచ్చు. జనమంతా సణిగారు కూడా. అయినా పెద్దలు యెహోవా తోడని ప్రమాణం చేశాం, వాళ్లను ముట్టకూడదు అన్నారు. చాలా తరాల తర్వాత సౌలు రాజు ఆ మాట మీరి వాళ్లను చంపించాడు. దావీదు కాలంలో మూడేళ్లు కరువు రావడానికి కారణం అదేనని 2 సమూయేలు 21లో ఉంది. మాట ఇచ్చినవాళ్లు పోయారు, తీసుకున్నవాళ్లు పోయారు, దేవుడు మాత్రం దాన్ని మరిచిపోలేదు.

నువ్వు ఇచ్చిన మాటలో మోసం కూడా లేదు. ధర పెరిగింది, అంతే.

ఎస్వీయూ_విద్యార్థి | మంగళవారం, మధ్యాహ్నం 1:10

మాస్టారూ, నిజంగా తెలియక అడుగుతున్నా. ఇచ్చిన ప్రతి మాటా నిలబెట్టుకోవాల్సిందేనా? యెఫ్తా మొక్కుకుని కూతుర్నే పోగొట్టుకున్నాడు. హేరోదు అందరి ముందు ఒట్టు పెట్టుకున్నానని యోహాను తల తీయించాడు. పౌలు కూడా కొరింథుకు వస్తానని చెప్పి రాలేదు, దాని మీద వాళ్లు తప్పు పట్టారు కూడా.

శ్రీకాళహస్తి_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 2:05

మంచి ప్రశ్న బాబూ. హేరోదు మాట నిలబెట్టుకోవాలంటే పాపం చేయాలి. అలాంటి మాట విరిచేసి, ఇచ్చినందుకు పశ్చాత్తాపపడాలి. మన తమ్ముడు మాట నిలబెట్టుకుంటే పాపం ఏమీ లేదు, డబ్బు పోతుంది.

పౌలు సంగతి 2 కొరింథీ మొదటి అధ్యాయంలో ఉంది. ప్రయాణం మార్చుకున్నాడు, నిజమే. కానీ వాళ్లకు ఉత్తరం రాసి కారణం చెప్పాడు. 23వ వచనం చూడు, వాళ్ల మీద కనికరంతోనే రాలేదన్నాడు. ఎదుటివాళ్ల మేలు కోసం మార్చుకున్నాడు. ఎక్కడో ఎక్కువ గిట్టుబాటు అవుతుందని కాదు. మాట మార్చుకోవాలనిపించినప్పుడల్లా నేను ఇదొకటి చూసుకుంటా, మార్చడం వల్ల మేలు ఎవరికి అని.

చిత్తూరు_సిస్టర్ | మంగళవారం, రాత్రి 8:30

నేను ఎప్పుడూ ఇక్కడ రాయను, చదివి వెళ్లిపోతా. ఈరోజు రాయాలనిపించింది.

మా నాన్న 2009లో వీధిలో ఇడ్లీలమ్మే అవ్వ దగ్గర 40 వేలు తీసుకున్నాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ. ప్రోనోటు రాసిచ్చాడు. ఆరు నెలలకొకసారి వడ్డీ కట్టి నోటు వెనకాల చెల్లు రాసేవాడు. 2012లో జబ్బు పడ్డాడు, మరుసటేడు పోయాడు. అవ్వ సావు ఇంటికొచ్చి ఏడ్చి వెళ్లింది, డబ్బు మాట ఎత్తలేదు.

2018లో అవ్వ కొడుకు నోటు పట్టుకొచ్చాడు. మా తమ్ముళ్లు తెలిసిన వకీలును అడిగారు. ప్రోనోటుకు మూడేళ్లే, చివరి చెల్లు పడిన రోజు నుంచి లెక్క, ఎప్పుడో కాలదోషం పట్టింది అన్నాడాయన. తమ్ముళ్లకు ధైర్యం వచ్చింది. ఆ అబ్బాయితో గట్టిగా కూడా మాట్లాడారు.

నేను ఆ నోటు ఒక్కసారి ఇవ్వమని అడిగి వెనక్కి తిప్పి చూశా. నాన్న చేతిరాత. "ఈ దినము వడ్డీ కింద 4,800 రూపాయలు చెల్లు" అని ఆరుసార్లు రాసి ఉంది, ప్రతిదాని కింద తేదీ, సంతకం. మొదటి నాలుగు సంతకాలు తిన్నగా ఉన్నాయి. ఐదోది వంకర పోయింది. ఆరోదానికి పేరు పూర్తిగా రాయలేకపోయాడు, చివరి అక్షరం గీతలాగా కిందికి జారిపోయి ఉంది. చెయ్యి వణుకుతున్నా బజారు దాకా నడిచి వెళ్లి కట్టొచ్చాడన్నమాట. ఆ రాత చూశాక చట్టం ఏం చెబితే నాకెందుకు?

నా జీతం అప్పుడు తక్కువ. నెలకు రెండు వేల చొప్పున 20 నెలలు కట్టా. వడ్డీ ఆ అవ్వే వద్దంది. చివరి నెల వెళ్తే ఆమె నోటు చించి, సంతకాలున్న ముక్క నా చేతిలో పెట్టింది. మీ నాయనది, ఉంచుకో అంది. బైబిల్లో పెట్టుకున్నా.

తమ్ముళ్లు చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అది కూడా చెప్పాలి, లేకపోతే కరకంబాడి అన్న అంతా సుఖంగా ఉంటుందని అనుకుంటాడు.

దస్తావేజు_లేఖరి | మంగళవారం, రాత్రి 9:05

అమ్మా, వకీలు చెప్పింది నిజమే, 1963 కాలపరిమితి చట్టం ప్రకారం మూడేళ్లే. కానీ తీరని అప్పు కాలదోషం పట్టినా తీరిపోయినట్టు కాదు, కోర్టు వసూలు చేయించదు అంతే. కాలదోషం పట్టిన బాకీని ఇస్తానని మళ్లీ రాసి సంతకం పెడితే ఆ రాత చెల్లుతుందని కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లోనే ఉంది. అంటే బాకీ ఇంకా ఉందని చట్టం కూడా ఒప్పుకున్నట్టే కదా.

కుట్టుమిషన్_అక్క | బుధవారం, ఉదయం 11:20

పెద్ద మాటలు నాకు రావు. నాది తిరుపతిలో చిన్న టైలరింగ్ షాపు. డిసెంబర్ వచ్చిందంటే క్రిస్మస్‌కి మా చర్చి సంఘం వాళ్లవే యాభై అరవై జతలు వస్తాయి. ఎవరడిగినా "24కి ఇస్తా అక్కా" అనేదాన్ని. కాదంటే నొచ్చుకుంటారని, బేరం పోతుందని. అది అబద్ధం అని ఏ రోజూ అనిపించలేదు.

కొన్నేళ్ల కిందట 24 రాత్రి పదకొండు దాటాక ఒక తల్లి, తొమ్మిదేళ్ల పాప షాపు ముందుకొచ్చి నిలబడ్డారు. తల్లి ఇళ్లలో పని చేస్తుంది. తెల్ల గౌను గుడ్డ నవంబర్‌లోనే ఇచ్చింది. నేను కత్తిరించి పెట్టా, కుట్టలేదు. చేతులు వేరే, కాలరు వేరే, గుండుసూదులు గుచ్చి సంచిలో ఉన్నాయి. పాప ఆ ముక్కలు చూసి, "అమ్మా, రేపటికి అతికిస్తారా?" అని అడిగింది. రాత్రంతా కూర్చున్నా నా వల్ల కాదు, ముందున్నవి ఇంకా పద్నాలుగు ఉన్నాయి. పొద్దున ఆరాధనలో ఆ పిల్ల స్కూల్ యూనిఫాం వేసుకుని మూడో వరసలో కూర్చుంది. నేను తల ఎత్తలేకపోయా.

అప్పటినుంచి గోడకు క్యాలెండర్ పెట్టా. రోజుకు నాలుగు జతలే రాస్తా. నిండిపోతే "ఈసారి నా వల్ల కాదక్కా" అంటా. కొందరు వేరే షాపుకు పోయారు. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు" అని ప్రభువు చెప్పిన వాక్యంలో ఆ రెండో సగం నాకు తెలియనే తెలియదు ఇన్నేళ్లూ. కాదని చెప్పడం చేతకాకే నేను ఎక్కువ మాటలు తప్పా.

కాణిపాకం_దారి | బుధవారం, సాయంత్రం 5:45

నేను క్రైస్తవుణ్ణి కాను. స్నేహితుడు ఈ చర్చ పంపితే చదివా. రాయొచ్చా?

మాది కాణిపాకం పక్క పల్లె. పంచాయతీలో తేలని గొడవ ఏదైనా ఉంటే "వినాయకుడి ముందు ప్రమాణం చేస్తావా?" అంటారు. కోనేట్లో స్నానం చేసి స్వామి ఎదుట చెప్పాలి. అబద్ధం ప్రమాణం చేస్తే స్వామి ఊరుకోడని మా నమ్మకం. చాలామంది గుడి మెట్ల దాకా కూడా రాకుండానే నిజం ఒప్పేసుకుంటారు.

మా ఊళ్లో ఇటుకల బట్టీ పెట్టుకున్న క్రైస్తవ పెద్దాయన ఉన్నాడు. ఒకసారి లోడు లెక్కలో తేడా వచ్చింది. కొన్నాయన ప్రమాణానికి రమ్మన్నాడు. ఈయన, "మేం ఒట్టు పెట్టమయ్యా, మా దేవుడు వద్దన్నాడు" అన్నాడు. తప్పించుకుంటున్నాడని అందరూ నవ్వారు, నేను కూడా. ఆయన ఇంట్లోకి వెళ్లి లెక్కల పుస్తకం తెచ్చి అందరి ముందు వేలు పెట్టి వరస వరసా చదివాడు. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగిపోయాడు. వెయ్యి ఇటుకలు ఆయనే రెండుసార్లు రాసుకున్నాడు. ఆ పుస్తకం ఆయన తప్ప ఇంకెవరూ చదవలేదు, చెప్పకపోతే ఎవరికీ తెలియదు. "నాదే తప్పు" అని అక్కడే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

ఆ తర్వాత ఆయన్ను ఎవరూ ప్రమాణం అడగలేదు. కరకంబాడి అన్నా, ఆ వైండింగ్ తమ్ముడు కూడా నాలాంటివాడే అయి ఉంటాడు. మీ బైబిల్ ఆయన చదవడు, మిమ్మల్నే చూస్తాడు.

శ్రీకాళహస్తి_మాస్టారు | బుధవారం, సాయంత్రం 6:30

రాయొచ్చా అని అడిగారే, మీరు రాసింది మా వాళ్లకు ప్రసంగంలో చెప్పాల్సినంత విషయం. వందనాలు.

మత్తయి 5లో ప్రభువు ఒట్టు వద్దన్నది ఇందుకే. ఒట్టు పెట్టిన మాట ఒకటి, పెట్టని మాట ఇంకొకటి అని రెండు రకాలు ఉండకూడదు. మన దేశంలో 1969 ప్రమాణాల చట్టం కోర్టులో సాక్షి దేవుని పేరున ప్రమాణం చేయకుండా సత్యనిష్ఠతో చెబుతానని ప్రకటించడానికి కూడా అవకాశం ఇచ్చింది. ఆ అవకాశం వాడుకునేవాడి మీద బరువు ఇంకా ఎక్కువ.

పలమనేరు_రైతు | బుధవారం, రాత్రి 9:15

మాస్టారు రాసింది నిన్నటి నుంచి మనసులో తిరుగుతోంది. ఆ వ్యాపారి మీద కోపం కరకంబాడి బ్రదర్ పక్కన నిలబడి చూపించా, అది సరి కాదు. అయినా బిడ్డ చదువు గురించి నేను అడిగింది మాత్రం వెనక్కి తీసుకోను. మాట నిలబెట్టుకోమని చెప్పేవాళ్లు ఆ ఎనిమిది లక్షల లోటు మర్చిపోకూడదు. సంఘం ఆ ఇంటిని పట్టించుకోవాలి.

బ్రదర్, ఒకటి చేయండి. ఏదో ఒకటి తేల్చుకునే ముందు ఆ తమ్ముడి దగ్గరికి వెళ్లి కూర్చోండి. మీ మాట నమ్మి ఆయన ఈ మూడు నెలల్లో ఏం చేసుకున్నాడో అడగండి. నన్ను ఆ వ్యాపారి ఏ రోజూ అడగలేదు.

కరకంబాడి_రోడ్డు | గురువారం, రాత్రి 10:10

వెళ్లొచ్చా. వివరంగా రాస్తా.

సాయంత్రం షాపు కట్టేసే వేళకు వెళ్లా. నేల మీద కూర్చుని బోరు మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. చుట్లు లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి చుట్టాలట, అందుకని నన్ను చూసినా పెదాలతో లెక్కపెట్టుకుంటూనే తల ఊపాడు. చుట్టు పూర్తయ్యాక లేచి కుర్చీ తుడిచి వేశాడు.

బ్రోకరు వచ్చాడని ఆయనకు అప్పటికే తెలుసు. వీధిలో తెలియనిది ఏముంటుంది? "మీరొస్తారని చూస్తున్నా అన్నా" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. డబ్బు ఎట్లా సర్దుకుంటున్నావని నేనే అడిగా.

పది లక్షల చీటీ ఉందట, ఇంకా సగం నెలలు కట్టాలి. చివరిదాకా ఆగితే దాదాపు మొత్తం చేతికొచ్చేది. నేను మాటిచ్చిన మరుసటి నెలే 2 లక్షల 60 వేలకు పాట పాడి ఎత్తుకున్నాడు. కమిషన్ 50 వేలు పోను 6 లక్షల 90 వేలు వచ్చాయి. జామీను సంతకానికి బావమరిదిని బతిమాలాడట. భార్య గాజులు బ్యాంకులో పెట్టాడు. మామ పొలం అమ్మకం కూడా ఈ స్థలం కోసమే. ఇదంతా ఫిర్యాదులాగా చెప్పలేదు. అడిగినదానికి లెక్క చెప్పాడు, అంతే.

ఆ చీటీ పాటలో పోయిన డబ్బు నా మాట వల్ల పోయింది. నేను ఈ వారం రోజులూ నాకు పోయే 8 లక్షల లెక్క ఒక్కటే వేసుకుంటూ కూర్చున్నా. ఆయన నష్టం అప్పటికే జరిగిపోయింది, ఆ రోజు నా ఇంట్లో కవరు వెనక్కి తీసుకున్నప్పుడే మొదలైంది.

"27 లక్షలే తమ్ముడూ, ఈ నెలలోనే రాసిస్తా" అని చెప్పి వచ్చా. ఇంటికొచ్చి భార్యకు చెప్పా. ఆమె అన్నం వడ్డిస్తూ, "ఆ రోజు నుంచి మీరు ఇదే చెబుతారని చూస్తున్నా. నేను చెబితే నా మాట మీద చేసినట్టు ఉంటుందని ఊరుకున్నా" అంది.

అన్నకు ఫోన్ చేసి చెప్పా. పెట్టేశాడు.

దస్తావేజు_లేఖరి | శుక్రవారం, ఉదయం 8:00

అన్నా, చదువుతుంటే కళ్లు తడిశాయి. కానీ నా పని నేను చేయాలి. ఇంకో ప్రశ్న, ఇది అడిగితే నువ్వు కోప్పడతావేమో. దస్తావేజులో ఎంత రాయిస్తున్నావు?

కరకంబాడి_రోడ్డు | శుక్రవారం, ఉదయం 8:35

అందరూ రాయించినట్టే. ప్రభుత్వ విలువ 14 లక్షలు ఉంది.

దస్తావేజు_లేఖరి | శుక్రవారం, మధ్యాహ్నం 12:15

అందరూ రాయించేదే, నేనూ రాసిందే. ఎన్ని రాశానో లెక్క కూడా లేదు. అందుకే నీకు చెప్పే హక్కు నాకు ఉందో లేదో తెలియదు, అయినా చెబుతున్నా.

27 తీసుకుని 14 అని రాస్తే కాగితం మీద సంతకం పెట్టి ఇద్దరూ కలిసి అబద్ధం చెప్పినట్టే. స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, మొత్తం ఏడున్నర శాతం. 14 లక్షల మీద లక్షా 5 వేలు, 27 లక్షల మీద 2 లక్షల 2,500. తేడా 97,500, అది కొనేవాడి మీద పడుతుంది. నీకు పన్ను పెరుగుతుంది. పైగా 2015 జూన్ నుంచి స్థలం అమ్మకంలో 20 వేలు, అంతకంటే ఎక్కువ నగదుగా తీసుకోకూడదు, బ్యాంకు ద్వారానే రావాలి. 13 లక్షలు సంచిలో తీసుకుంటే అది కూడా తప్పే.

ధర దగ్గర మాట నిలబెట్టుకుని, దస్తావేజు దగ్గర అబద్ధం రాయిస్తే ఎట్లా అన్నా? నిన్న రాత్రి నువ్వు రాసింది చదివాక నాకు ఈ ప్రశ్న అడగకుండా ఉండబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ నా దగ్గరికొచ్చినవాళ్లను ఒక్కసారి కూడా అడగలేదు.

చిత్తూరు_సిస్టర్ | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

లేఖరి అన్నా, మీరు ఈ మాట అడిగినందుకు వందనాలు. అడగడం తేలిక కాదని తెలుసు.

పలమనేరు_రైతు | శుక్రవారం, మధ్యాహ్నం 3:10

అడిగింది న్యాయమే. కానీ ఆ 97,500 భారం వైండింగ్ తమ్ముడి మీద ఎందుకు పడాలి? మన విశ్వాసం ఖర్చు ఆయన ఎందుకు కట్టాలి?

కరకంబాడి_రోడ్డు | ఆదివారం, రాత్రి 8:50

ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారితో మాట్లాడా. నువ్వు ఏది మంచిది అనుకుంటే అది చెయ్, ఖర్చు మాత్రం పక్కవాడి మీద వేయొద్దు అన్నారు. పలమనేరు బ్రదర్ అన్నదే.

సాయంత్రం మళ్లీ షాపుకు వెళ్లా. పూర్తి విలువ రాయిద్దామని చెబితే ఆ తమ్ముడికి మొదట అర్థం కాలేదు. ఎవరైనా ఏమన్నా అన్నారా, ఇబ్బంది ఏమన్నా ఉందా అని అడిగాడు. లేదు, అబద్ధం రాయడం నాకు ఇష్టం లేదన్నా. ఎక్కువ అయ్యే 97,500 నేను స్థలం డబ్బులో తగ్గించుకుంటానన్నా. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చేతిలో ఉన్న తీగ ముక్కను వేలికి చుడుతూ విప్పుతూ కూర్చున్నాడు. చివరికి, "సగం నేను పెట్టుకుంటా అన్నా, మొత్తం మీ మీద వేసి నేను ఆ ఇంట్లో ఉండలేను" అన్నాడు. వద్దన్నా వినలేదు.

పాప ఫీజుకు ఈ ఏడాదికి ఇబ్బంది లేదు. వచ్చే ఏడాది సంగతి తెలియదు. పాపకు అంతా చెప్పా. స్కాలర్‌షిప్‌కు ఎట్లా పెట్టుకోవాలో కనుక్కుంటానంది.

ఎస్వీయూ_విద్యార్థి | ఆదివారం, రాత్రి 9:20

అంకుల్, ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితాల పని నాకు తెలుసు. పాపను నాకు మెసేజ్ పెట్టమనండి, ఏమేం కావాలో దగ్గరుండి చూపిస్తా.

దస్తావేజు_లేఖరి | సోమవారం, ఉదయం 7:30

దస్తావేజు నేను రాస్తా అన్నా, నాకు ఏమీ ఇవ్వొద్దు. లింకు డాక్యుమెంటు (అంతకు ముందటి పాత దస్తావేజు), మీ నాన్న ఇచ్చిన దస్తావేజు, ఈసీ (స్థలం మీద అప్పులు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఇద్దరి ఆధార్, పాన్ కార్డులు తీసుకురండి. గురువారం ఉదయం స్లాట్ చూస్తా. సాక్షులు ఇద్దరు కావాలి.

కరకంబాడి_రోడ్డు | సోమవారం, రాత్రి 9:45

గురువారానికి ఖాయం. ఒక సాక్షిగా కుట్టుమిషన్ అక్క వాళ్లాయన వస్తానన్నారు, మాది ఒకటే సంఘమని ఇప్పుడే తెలిసింది.

రెండో సాక్షిగా రమ్మని అన్నకు మెసేజ్ పెట్టా. చదివాడు. ఇంకా జవాబు లేదు.